మైలుకి 2 సెంట్లు: ఓరిగోలో (ఒరెగాన్‌లో తిరిగిన మైళ్ళని బట్టి రోడ్డుకి కట్టే ప్రోగ్రాం) మా ఏడాది, నా అనుభవం

2024 ఏప్రిల్‌లో, డీఎంవీ (బళ్ళ రిజిస్ట్రేషన్ చూసే ఆఫీసు) నుంచి మా ఎలక్ట్రిక్ కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ నోటీసు వచ్చింది. రెండేళ్ళకి 316 డాలర్లు, దాని మీద మా కౌంటీ ఫీజు ఇంకో 60, మొత్తం 376. అదే గరాజ్‌లో పక్కన నిలబడి ఉండే మా గ్యాస్ (అంటే పెట్రోల్) ఎస్‌యూవీకి అంతకు ముందు నెలలోనే 136, 60 కలిపి 196 కట్టా. మేముండేది అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం, బీవర్టన్. ఎలక్ట్రిక్‌ది చిన్న కారు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, ఫుల్ ఛార్జ్ చేసినా వంద మైళ్ళు దాటదు, స్కూల్‌కి, కూరగాయలకి, వారంలో రెండ్రోజులు నేను ఆఫీస్‌కి, అంతే దాని పని. అలాంటి దానికి ఆ పెద్ద బండి కన్నా దాదాపు డబల్ ఎందుకు కట్టాలి అని నిజంగా కోపం వచ్చింది, ఆ రోజు సాయంత్రం మా ఆవిడ దగ్గర, ఫోన్లో మా బావ దగ్గర, ఇద్దరి దగ్గరా అదే గోల.

కోపం తగ్గాక కూర్చుని చదివితే సంగతి అర్థమైంది. ఇక్కడ రోడ్లకి డబ్బుల్లో పెద్ద భాగం గ్యాస్ మీద వేసే ట్యాక్స్ నుంచి వస్తుంది. అసలు గ్యాస్ మీద ట్యాక్స్ వేసిన మొదటి రాష్ట్రమే ఒరెగాన్, 1919లో, గ్యాలన్‌కి ఒక సెంటు. 2024 జనవరిలో అది 40 సెంట్లకి చేరింది. దాని మీద ఫెడరల్ ట్యాక్స్ 18.4 సెంట్లు, అది 1993 నుంచి పెరగలేదు. మా ఎస్‌యూవీ గ్యాలన్‌కి 25 మైళ్ళిస్తుంది, ఏడాదికి 12 వేల మైళ్ళు తిరిగితే 480 గ్యాలన్లు, అంటే రాష్ట్రానికి 192 డాలర్లు మేం గ్యాస్ పోయించుకుంటూనే కట్టేస్తున్నాం, తెలియకుండా. ఎలక్ట్రిక్ కారు కట్టేది సున్నా. అదే హైవే 26 మీద వెళ్తుంది, అవే బ్రిడ్జిలు వాడుతుంది, కట్టేది మాత్రం ఏమీ లేదు. ఆ లోటు పూడ్చడానికే రిజిస్ట్రేషన్‌లో అంత ఎక్కువ. అది తెలిసాక నా కోపం వేరే వైపు తిరిగింది. కట్టడం న్యాయమే, కానీ ఏడాదికి 4 వేల మైళ్ళు తిరిగే నా కారూ, 20 వేలు తిరిగే ఇంకొకళ్ళ కారూ ఒకటే 316 కట్టడం ఏం న్యాయం?

ఆ ప్రశ్నకి జవాబే ఓరిగో. రాష్ట్ర రవాణా శాఖ 2015 జులై 1న మొదలుపెట్టిన ప్రోగ్రాం, ఎన్ని మైళ్ళు తిరిగితే అంతకి కట్టడం. నేను చేరినప్పుడు చేరడం మన ఇష్టం. 2024లో మైలుకి 2 సెంట్లు, మొదలైనప్పుడు 1.5 ఉండేది. ఈ 2 అనే అంకె ఊరికే పెట్టింది కాదు, గ్యాలన్ ట్యాక్స్‌లో 20వ వంతు, అంటే గ్యాలన్‌కి 20 మైళ్ళిచ్చే బండి మైలుకి ఎంత గ్యాస్ ట్యాక్స్ కడుతుందో సరిగ్గా అంత. చేరితే ఎలక్ట్రిక్ కారు రిజిస్ట్రేషన్ అప్పట్లో 316 బదులు 86. గ్యాస్ లేదా హైబ్రిడ్ కారు చేర్పిస్తే పంపు దగ్గర కట్టిన రాష్ట్ర ట్యాక్స్‌ని లెక్కలోంచి తీసేస్తారు, రెండుసార్లు కట్టక్కర్లేదు.

ఇక్కడ లెక్క చాలా ముఖ్యం, చేరాలనుకునేవాళ్ళు ముందు ఇది చెయ్యండి, నేను వేసినవి 2024 అంకెలు. రిజిస్ట్రేషన్‌లో మిగిలేది రెండేళ్ళకి 230, అంటే ఏడాదికి 115. దాన్ని 2 సెంట్లతో భాగిస్తే 5,750 మైళ్ళు. మీ ఎలక్ట్రిక్ కారు ఏడాదికి అంతకన్నా తక్కువ తిరిగితే లాభం, ఎక్కువ తిరిగితే నష్టం. నేను సర్వీసింగ్ బిల్లులన్నీ దాచుకునే మనిషిని, వాటి మీద రాసిన ఓడోమీటర్ రీడింగులు తీసి చూస్తే ఏడాదికి 4 వేల చిల్లర. చేరితే 80 కట్టి 115 మిగుల్చుకోవచ్చు. మా బావ సంగతి పూర్తిగా వేరు, బావ అంటే చుట్టరికం కాదు, కాలేజీ నుంచీ అలాగే పిలుచుకుంటాం, పోర్ట్‌లాండ్ నుంచి సేలమ్‌కి వారంలో ఐదు రోజులూ వెళ్ళొస్తాడు, అదీ ఎలక్ట్రిక్ కారే, ఏడాదికి 22 వేల మైళ్ళు. ఆయనకి 440 పడుతుంది. నేనే చెప్పా, నువ్వు చేరకు బావా అని. ఫోన్ పెట్టేసాక అనిపించింది, ఇందులోనే ఉంది కదా తేడా, రోడ్డు తక్కువ వాడేవాళ్ళు చేరి తక్కువ కడతారు, ఎక్కువ వాడేవాళ్ళు బయట ఉండిపోయి అదే ఫీజుతో సరిపెడతారు, ఇద్దరి దగ్గరా రాష్ట్రానికి వచ్చేది తగ్గుతుంది, ఇష్టమైతే చేరండి అన్నంత కాలం ఇంతే. హైబ్రిడ్ వాళ్ళకైతే ఇంకా కష్టం, గ్యాలన్‌కి 50 మైళ్ళిచ్చే కారు 12 వేల మైళ్ళు తిరిగితే 240లో గ్యాస్ ట్యాక్స్ 96 పోను ఇంకా 144 కట్టాలి, రిజిస్ట్రేషన్‌లో మిగిలేది ఏడాదికి 35.

చేరడం అయితే సులువే. కారు విన్ నంబర్ (ప్రతి బండికీ ఉండే గుర్తింపు నంబర్), ప్లేట్ నంబర్, ఓడోమీటర్ ఫోటో, క్రెడిట్ కార్డ్. రాష్ట్రం తరఫున లెక్కలు చూసే కంపెనీలుంటాయి, వాటిలో ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకున్నాక ఒక ప్రశ్న వస్తుంది, జీపీఎస్ ఉన్న పరికరమా, లేనిదా? జీపీఎస్ ఉన్నదైతే వేరే రాష్ట్రంలో తిరిగిన మైళ్ళకి, ప్రైవేట్ రోడ్ల మీద మైళ్ళకి డబ్బులు వెయ్యరు. లేనిదైతే కారు కదిలిన ప్రతి మైలుకీ వేస్తారు. మా అన్నయ్య వాళ్ళు నది అవతల వ్యాంకూవర్‌లో ఉంటారు, కెనడా వ్యాంకూవర్ కాదు, వాషింగ్టన్ రాష్ట్రంలోది, కొలంబియా నది మధ్యలోనే రాష్ట్రాల సరిహద్దు. నెలకి రెండుసార్లు వెళ్తాం. ఆ మైళ్ళకి ఒరెగాన్‌కి ఎందుకు కట్టాలి అనుకుని, ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా జీపీఎస్ అని నొక్కేసా. ఇప్పుడు ఆ ఒక్క నిమిషం గురించే ఇదంతా రాస్తున్నా.

వారంలో పోస్ట్‌లో డబ్బా వచ్చింది. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది, డాంగిల్ అంటారు. స్టీరింగ్ కింద, ఎడం మోకాలి దగ్గర ఓబీడీ పోర్ట్ అని ఉంటుంది, మెకానిక్‌లు కంప్యూటర్ తగిలించి చూసేది, అందులో గుచ్చాలి. అమెరికాలో 1996 మోడల్ నుంచి గ్యాస్ కార్లకి అది తప్పనిసరి, ఎలక్ట్రిక్ వాటికి ఆ రూల్ లేదు కాబట్టి కొన్నిట్లో మామూలు పోర్ట్ ఉండదు, మాదాంట్లో ఉంది. గుచ్చాక లైటు కాసేపు మిణుకుమిణుకుమని ఆగింది. మా ఆవిడ గరాజ్ తలుపు దగ్గర నిలబడి చూస్తూ అడిగింది, "ఏవండీ, ఇది మనం ఎక్కడికెళ్ళామో కూడా పంపిస్తుందా?" అని. "మైళ్ళ కోసమేలే" అన్నా. అబద్ధం చెప్పాలని కాదు, నాకు అప్పటికి అదే తెలుసు, మైళ్ళు లెక్కపెట్టడానికి చోటు కూడా చూస్తుంది అని విడిగా ఆలోచించలేదు.

ఆ వారం నాన్నతో ఫోన్లో మాట్లాడుతుంటే ఈ మాట వచ్చింది. "ఏరా, మన ఫాస్టాగ్ లాంటిదేనా అది?" అన్నారు. కాదు నాన్నా, ఫాస్టాగ్ టోల్ గేట్ దగ్గరకి వెళ్ళినప్పుడే చదువుతారు, ఇది బండి కదిలినంతసేపూ లెక్కపెడుతూ ఉంటుంది అని చెప్పా. "అంటే ఇంట్లోంచి బయటికి తీసిన దగ్గర్నుంచీనా" అన్నారు. అవును అన్నా. ఆయన ఇంకేం అనలేదు, టాపిక్ మార్చేసారు.

మొదటి నెల బానే ఉంది. ఫోన్లో యాప్ ఉంది, రోజుకి ఎన్ని మైళ్ళు, ఎన్ని సెంట్లు అన్నీ చూపిస్తుంది. మొదటి స్టేట్‌మెంట్ వచ్చినప్పుడు వ్యాంకూవర్ ట్రిప్పులు నది దగ్గర తెగిపోయి, అవతలి మైళ్ళు సున్నా డాలర్లుగా వేరే లైన్‌లో కనిపించాయి, భలే పని చేస్తుందే అని అన్నయ్యకి స్క్రీన్‌షాట్ కూడా పంపా. స్కూల్‌కి వెళ్ళొస్తే 7 సెంట్లు, ఆఫీస్‌కి వెళ్ళొస్తే 38 సెంట్లు. ఇన్నేళ్ళుగా డ్రైవ్ చేస్తున్నా రోడ్డు వాడకానికి ఒక ధర ఉంటుందని ఎప్పుడూ తట్టలేదు, ఆ అంకెలు చూసాక చిన్న చిన్న పనులు రెండు మూడు కలిపి ఒకే ట్రిప్పులో చేసుకోవడం అలవాటైంది, 4 సెంట్ల కోసమని కాదు, అంకె కళ్ళ ముందు ఉంటే మనిషి వేరేగా ఆలోచిస్తాడు.

యాప్‌లో మ్యాప్ కూడా ఉంది. ప్రతి ట్రిప్పూ ఒక గీత, ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది. జూన్ చివర్లో ఒక రాత్రి, లెక్కలు సరిపోతున్నాయా అని ఊరికే చూస్తున్నా. మంగళవారం మధ్యాహ్నం కారు స్కూల్ వైపు కాకుండా కూపర్ మౌంటెన్ నేచర్ పార్క్‌కి వెళ్ళింది, పార్కింగ్ లాట్‌లో 55 నిమిషాలు ఆగింది, అక్కణ్ణుంచి నేరుగా పిల్లాణ్ణి తీసుకురావడానికి వెళ్ళింది. వెనక్కి చూస్తే అంతకు ముందు మంగళవారం కూడా. దానికి ముందు గురువారం కూడా.

నాకు అనుమానం లాంటిది ఏమీ రాలేదు, అది దేవుడి మీద ఒట్టేసి చెప్తా. పార్క్ బావుంటుంది కదా, మా ఆవిడ నడకకి వెళ్తోంది కాబోలు అనుకున్నా. పొద్దున్న కాఫీ తాగుతూ మామూలుగానే అడిగా, "మంగళవారాలు కూపర్ మౌంటెన్‌కి వెళ్తున్నావా, బావుందా ఇప్పుడక్కడ?" అని. తను కప్పు కింద పెట్టేసింది. "మీకెలా తెలుసు?" అంది. యాప్‌లో చూసా అన్నా. చాలాసేపు ఏం మాట్లాడలేదు.

ఆ ఫిబ్రవరిలో మా మావగారు పోయారు. టికెట్ దొరికి, రెండు ఫ్లైట్లు మారి, మేం ఊరు చేరేసరికి అన్నీ అయిపోయాయి. తిరిగొచ్చాక తను మామూలుగానే ఉంది, వంట, ఉద్యోగం, పిల్లాడి హోంవర్క్, నేను కూడా సర్దుకుందిలే అనుకున్నా. సర్దుకోలేదు. ఇంట్లో ఏడిస్తే పిల్లాడు భయపడుతున్నాడని, నేను కంగారుపడతానని, వారానికోసారి ఆ పార్కింగ్ లాట్‌లో కారాపుకుని, అద్దాలు ఎక్కించుకుని, వాళ్ళ నాన్న పాత వాయిస్ మెసేజీలు వింటూ కూర్చుంటోంది. అది తన చోటు. నాకు చెప్పాలనుకున్నప్పుడు చెప్పేది, లేదా ఎప్పటికీ చెప్పేది కాదు, ఆ హక్కు తనది. మైలుకి 2 సెంట్లు లెక్కపెట్టే డబ్బా ఆ హక్కుని తన దగ్గర్నుంచి తీసేసుకుంది, తీసి నా చేతిలో పెట్టింది. "మైళ్ళ కోసమే అన్నారు కదా మీరు" అంది చివరికి. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఇదంతా తనని అడిగి, తను చదివి సరే అన్నాకే రాస్తున్నా.

ఆ వారం అంతా ఈ ప్రోగ్రాం చట్టం చదివా. నిజం చెప్పాలంటే చట్టం మంచిదే. 2013లో చేసింది, సెనేట్ బిల్ 810. చేసేటప్పుడే పౌరహక్కుల సంఘం ఏసీఎల్‌యూ ఒరెగాన్ శాఖ వాళ్ళు కూర్చుని ప్రైవసీ షరతులు పెట్టించారు. డబ్బులు కట్టడం అయిపోయి, గొడవలేవైనా ఉంటే అవి తేలాక, 30 రోజుల్లోపు లొకేషన్ వివరాలు, రోజువారీ మైళ్ళ వివరాలు చెరిపెయ్యాలి, మనం ఉంచమని ఒప్పుకుంటే తప్ప. పోలీసులకి ఇవ్వాలంటే తగిన కారణం చూపించి తెచ్చిన కోర్టు ఆర్డర్ ఉండాలి. దీని వెనక చరిత్ర కూడా ఉంది, 2001లోనే గ్యాస్ ట్యాక్స్ తర్వాత ఏంటి అని రాష్ట్రం ఒక టాస్క్ ఫోర్స్ వేసింది, 2006, 2007ల్లో పోర్ట్‌లాండ్‌లో 285 బళ్ళతో ట్రయల్ చేసారు, అప్పుడు గ్యాస్ ట్యాక్స్ 24 సెంట్లు, మైలుకి 1.2 తీసుకున్నారు, అదీ 20వ వంతే. ఇన్నేళ్ళు ఆలోచించి చేసిన చట్టం. ప్రభుత్వం మనల్ని వెంటాడకుండా చాలా కట్టుదిట్టాలున్నాయి.

కానీ చట్టం రాసినవాళ్ళు చూసింది బయట నుంచి వచ్చే భయాన్ని. ఒక కారుని ఇంట్లో ఇద్దరు నడుపుతారు, అకౌంట్ ఒకళ్ళ పేరు మీద ఉంటుంది, ఆ ఒక్కళ్ళకి మ్యాప్ అంతా కనిపిస్తుంది. రెండో మనిషి ఎక్కడా సంతకం పెట్టలేదు, వాళ్ళని ఎవరూ అడగలేదు. మా ఇంట్లో అది ఒక బాధతో ఆగింది. కొన్ని ఇళ్ళల్లో, భర్తకి భయపడి బతికే ఆడవాళ్ళున్న ఇళ్ళల్లో, అది బాధతో ఆగదు. ఇలాంటి పరికరం కార్లో పెట్టించే ఏ ప్రభుత్వమైనా ఈ విషయం ముందు ఆలోచించాలని గట్టిగా అంటా.

ఆ ఆదివారం కూర్చుని జీపీఎస్ వల్ల నాకు మిగిలేది ఎంతో లెక్కేసా. నది మధ్య నుంచి అన్నయ్య వాళ్ళింటికి 8 మైళ్ళు. వెళ్ళిరావడం 16, నెలకి రెండుసార్లు 32. 32 మైళ్ళకి 64 సెంట్లు. నెలకి 64 సెంట్లు. దానికోసం మా ఇద్దరి ప్రతి ప్రయాణాన్నీ గీత గీయించా.

సోమవారమే ఫోన్ చేసా, జీపీఎస్ లేనిది పంపండి అని. ఎందుకు అని అడిగారు, ప్రైవసీ అన్నా, అయితే వేరే రాష్ట్రం మైళ్ళకి కూడా పడుతుంది సార్ అని రెండుసార్లు గుర్తుచేసారు, పర్లేదు అన్నా. అంతవరకు బానే మాట్లాడారు. తర్వాతే చిక్కొచ్చింది. పాతది తీసి కవర్‌లో పెట్టి పంపేసా, కొత్తది వచ్చి పని మొదలెట్టేసరికి మధ్యలో తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులకి వాళ్ళు పాత సగటు ఏదో తీసుకుని 190 మైళ్ళు వేసారు. ఆ రోజుల్లో పిల్లాడికి జ్వరం, నేను సెలవు పెట్టి ఇంట్లోనే, కారు కదిలింది చాలా తక్కువ. నా దగ్గర పాతది తీసిన రోజు ఓడోమీటర్ ఫోటో, కొత్తది పెట్టిన రోజు ఫోటో రెండూ ఉన్నాయి, తేడా 61 మైళ్ళు. పంపిస్తే మొదట పరికరం డేటా మాత్రమే చూస్తాం అని మెయిల్ వచ్చింది, ఆ రోజుల్లో పరికరమే లేదు కదా అని మళ్ళీ రాసా, మూడో మెయిల్‌కి ఇంకొకావిడ ఎవరో చూసి సరిచేసింది. 129 మైళ్ళు, 2 డాలర్ల 58 సెంట్లు వెనక్కి వచ్చాయి. రెండున్నర డాలర్లకి మూడు మెయిళ్ళా అన్నాడు బావ. డబ్బు కోసం కాదు, తిరిగినంతకే కట్టాలి అన్నదే ఈ ప్రోగ్రాం మాట, తిరగని మైలుకి కట్టించుకుంటే ఆ మాటకి అర్థం లేదు. అందుకే చేరేవాళ్ళకి చెప్తున్నా, పరికరం పెట్టినప్పుడు, తీసినప్పుడు, మార్చినప్పుడు ఓడోమీటర్ ఫోటో తీసి పెట్టుకోండి. ఇంకోటి, పాత ట్రిప్పుల చరిత్ర చెరిపెయ్యమని రాతపూర్వకంగా అడగండి, నేను అడిగితే కొన్ని వారాల్లో చెరిపేసామని జవాబిచ్చారు, యాప్‌లో కూడా పోయింది.

జీపీఎస్ లేని పరికరం చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది. కారు కంప్యూటర్ నుంచి వేగం చదువుకుని దాన్నుంచి దూరం కట్టుకుంటుంది, ఎటు వెళ్ళామో దానికి తెలీదు. నేను మూడు నెలలు ఓడోమీటర్‌తో పోల్చి చూసా, తేడా పట్టించుకునేంత లేదు.

డిసెంబర్‌లో మావగారి సంవత్సరీకాల ముందు పనులకని మూడు వారాలు ఇండియా వెళ్ళాం. తిరిగొచ్చేసరికి కారు లేవలేదు, తలుపు కూడా రిమోట్‌తో తెరుచుకోలేదు. ఎలక్ట్రిక్ కార్లో కూడా పెద్ద బ్యాటరీ కాకుండా మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది, కంప్యూటర్ మేల్కోవడానికి అదే ఆధారం. డాంగిల్ దాన్నుంచే కొంచెం కొంచెం కరెంటు తీసుకుంటుంది, రోజూ నడిపే కారుకి ఏం కాదు, వారాలు కదలకుండా ఉంటే, అందులోనూ చలికాలంలో పాత బ్యాటరీ అయితే, ఖాళీ అయిపోతుంది. బావ వచ్చి జంప్ స్టార్ట్ ఇచ్చాడు. ఎక్కువ రోజులు ఊరెళ్తే తీసెయ్యొచ్చు, కాకపోతే తీసేముందు కంపెనీకి మెయిల్ పెట్టాలి, లేకపోతే పరికరం తీసేసారు, వెంటనే పెట్టండి అని నోటీసులు వస్తాయి. ఇది ముందే పెద్దక్షరాలతో చెప్పి ఉంటే బావుండేది.

ఏడాది అయ్యాక లెక్క ఇది. 4,212 మైళ్ళు, 84 డాలర్ల 24 సెంట్లు. రిజిస్ట్రేషన్‌లో మిగిలింది ఏడాదికి 115. అంటే 30 డాలర్ల 76 సెంట్లు లాభం. డబ్బు పరంగా చూస్తే ఇంతే, ఎవరి జీవితాన్నీ మార్చేది కాదు. మరి ఎందుకు కొనసాగిస్తున్నావ్ అని బావ అడుగుతుంటాడు. నాకు రోడ్డుకి కట్టడం ఇష్టం. ఇక్కడ ఈ డబ్బు రోడ్లకే ఖర్చు పెట్టాలని రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది. నవంబర్ నుంచి మార్చి దాకా మంచు మీద జారకుండా మేకుల టైర్లు వేసుకున్న బళ్ళు తిరిగి హైవే మీద పడే గాడులు, వానలో వాటిలో నీళ్ళు నిలిచి కారు పక్కకి లాగేయడం ఇక్కడ నడిపేవాళ్ళందరికీ తెలుసు, అవి ఎవరో ఒకరు పూడ్చాలి, పూడ్చడానికి నేను తిరిగినంతకి నేనివ్వాలి. 26 వేల పౌండ్లు దాటిన ట్రక్కులు ఒరెగాన్‌లో ఎప్పట్నుంచో బరువుని బట్టి మైలుకింత అని కడుతూనే ఉన్నాయి, కార్లకి రావడమే ఆలస్యం.

నేను ఒప్పుకోనిది ఒక్కటే, దానికి చోటు తెలియాల్సిన పని లేదు. న్యూజిలాండ్‌లో డీజిల్ కార్లు ఎన్నో ఏళ్ళుగా ఇలాగే కడుతున్నాయి, 2024 ఏప్రిల్ 1 నుంచి ఎలక్ట్రిక్ కార్లు కూడా, అప్పుడు వెయ్యి కిలోమీటర్లకి 76 న్యూజిలాండ్ డాలర్లు, ముందే కొనుక్కుని అద్దం మీద చీటీ పెట్టుకునేవాళ్ళు, ఓడోమీటర్ ఆ చీటీలో అంకె దాటకూడదు, అంతే. హవాయిలో ఏటా జరిగే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్‌లో ఓడోమీటర్ చూసి లెక్క కడతారు. మా దగ్గర ఆ వార్షిక తనిఖీ లేదు, పోర్ట్‌లాండ్, మెడ్‌ఫోర్డ్ ప్రాంతాల్లో పొగ పరీక్ష ఉంది గానీ ఎలక్ట్రిక్ కార్లకి పొగే లేదు కాబట్టి వాటికి అది కూడా లేదు. ఏడాదికోసారి ఓడోమీటర్ ఎవరైనా చూసే ఏర్పాటుంటే ఈ డబ్బాతోనే పని లేదు. రేపెప్పుడైనా ఇది అందరికీ తప్పనిసరి చేస్తే, ఫారం నింపేటప్పుడు జీపీఎస్ లేనిది ముందే టిక్ పెట్టి ఉండాలి, కావాలనుకున్నవాళ్ళే దాన్ని మార్చుకోవాలి, ఆ కారు నడిపే ప్రతి ఒక్కళ్ళనీ అడగాలి. రాష్ట్ర రవాణా శాఖకి ఇదే రాసి పంపా, మా ఆవిడ కూడా కింద సంతకం పెట్టింది.

తను ఇప్పుడు మంగళవారాలు ఎక్కడికి వెళ్తుందో నేను అడగను. కొన్నిసార్లు తనే చెప్తుంది, వాళ్ళ నాన్న మెసేజ్ ఒకటి నాకూ వినిపించింది మొన్న, మామిడికాయలు పంపే వీల్లేదు గదమ్మా అని ఆయన నవ్వుతూ అంటున్నారు. ఈ నెల స్టేట్‌మెంట్ నిన్న వచ్చింది. 338 మైళ్ళు, 6 డాలర్ల 76 సెంట్లు. ఇంకేం లేదు అందులో.